బైబిలు మూయకుండా బుద్ధుణ్ణి తెలుసుకోవడం ఎలా

చెన్నైలో తెలుగు సంఘాలకు వెళ్లే మనవాళ్లను బౌద్ధం గురించి అడిగితే రెండే రెండు మాటలు వినిపిస్తాయి. "అదీ విగ్రహారాధనే కదా బ్రదర్, మనకెందుకు" అనేది ఒకటి. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు ఎక్కువగా అనేది రెండోది: "అన్ని మతాలూ ఒకటే అంకుల్, యేసు చెప్పిందీ బుద్ధుడు చెప్పిందీ ప్రేమే." మొదటి మాట అనేవాళ్లు సాధారణంగా ఒక్క బౌద్ధ విహారంలోనూ అడుగు పెట్టి ఉండరు. రెండో మాట అనేవాళ్లు బుద్ధుడి మాటల సంకలనమైన ధమ్మపదమూ చదవరు, బైబిల్లోని రోమా పత్రికా చదవరు. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి, ఇప్పటికీ ఆదివారం పొద్దున వేపేరి వైపు తెలుగు ఆరాధనకే వెళ్తాను, మారే ఉద్దేశం లేదు. అయితే మా పెద్దమ్మగారి అబ్బాయి బౌద్ధ దీక్ష తీసుకున్నప్పటి నుంచి చదవడం, వెళ్లి చూడడం, ఆయనతో వాదించడం అలవాటైపోయింది. విశ్వాసం వదులుకోకుండా బౌద్ధాన్ని సరిగ్గా తెలుసుకోవాలనుకునే వాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసింది చెప్తాను.

ముందుగా ఒక షరతు. మీరు బౌద్ధం గురించి చెప్పింది విని ఒక బౌద్ధుడు "అవును, మేం నమ్మేది ఇదే" అనాలి, అంతవరకు విమర్శ జోలికి పోవద్దు. మన గురించి ఎవరైనా "వీళ్లు ముగ్గురు దేవుళ్లకి మొక్కుతారు, వీళ్ల తాతలు పాలపొడికీ గోధుమపిండికీ మతం మారారు" అంటే ఒళ్లు మండుతుంది కదా, వాళ్లకీ అలాగే మండుతుంది. ఏథెన్సులో పౌలు కూడా ముందు ఊరంతా తిరిగి వాళ్లు వేటిని పూజిస్తున్నారో చూశాకే అరేయొపగులో నోరు విప్పాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఒకసారి ఈ దృష్టితో చదవండి.

పుస్తకం కంటే ముందు మ్యూజియం

చెన్నైలో ఉన్న తెలుగువాడికి ఒక అదృష్టం ఉంది. బౌద్ధం గురించి తెలుసుకోవడానికి బోధ్‌గయ దాకా పోనక్కర్లేదు, ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డు మీదున్న ప్రభుత్వ మ్యూజియానికి వెళ్తే చాలు. అక్కడి అమరావతి శిల్పాలు మన కృష్ణ ఒడ్డున, మన పల్నాటి సున్నపురాయి మీద, సుమారు రెండు వేల ఏళ్ల కింద చెక్కినవి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అమరావతి వెళ్లి చూసేసరికి అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కట్టడాల కోసం ఈ శిల్పాలున్న బౌద్ధ స్తూపం రాళ్లు తవ్వేస్తున్నారు. 1845లో ఇంకో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసుకు తెప్పించాడు, వాటిలో పెద్ద భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయింది. అక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి పోగా మనకి మిగిలినవీ తక్కువేం కాదు. బౌద్ధం అంటే చైనావాళ్లదీ, టిబెట్‌వాళ్లదీ అనుకునే భ్రమ అక్కడ నిలబడితే పోతుంది. మనవాళ్ల ఊళ్లలో చర్చి గంట మోగడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే భిక్షువులు అదే కృష్ణలో స్నానం చేశారు.

అక్కడ తీరిగ్గా చూడాల్సినవి రెండు. మొదటిది, పాత పలకల మీద బుద్ధుడి మనిషి రూపం కనిపించదు. ఖాళీ సింహాసనం ఉంటుంది, దాని కింద పాదముద్రలు, వెనక చెట్టు, చుట్టూ చేతులు జోడించిన జనం. మనలో విగ్రహం అనగానే ముఖం చిట్లించే వాళ్లు ఆ ఖాళీ ఆసనం ముందు కాస్త ఆగితే మంచిది. బుద్ధుడి రూపం చెక్కడం తర్వాత వచ్చింది, చెక్కకుండా ఎన్నో తరాలు గడిచాయి.

రెండోది నాలాగిరి ఏనుగు శిల్పం. గుండ్రటి పలక, ఒకే పలకలో రెండు ఘట్టాలు. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి తొక్కేస్తోంది, జనం హడలిపోయి వెనక్కి జరుగుతున్నారు, పై కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తున్నారు. కుడివైపుకి చూపు జరిపితే అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. ఏనుగుని ఉసిగొల్పింది ఎవరో కాదు, సొంత బంధువూ శిష్యుడూ అయిన దేవదత్తుడు. మనవాళ్లకి వెంటనే యేసుని పట్టిచ్చిన యూదా గుర్తొస్తాడు, రావాలి కూడా. అక్కడే ఆగకుండా ఇంకో అడుగు వెయ్యండి. బుద్ధుడు మైత్రితో ఏనుగుని లొంగదీసి ప్రాణంతో బయటపడ్డాడు, పూర్తి వయసు బతికి కుశీనగరంలో చనిపోయాడు. మన ప్రభువుని పట్టుకోవడానికి వచ్చినవాళ్లు లొంగలేదు, ఆయనా తప్పించుకోలేదు. రెండు మతాల మధ్య తేడా వివరించమని ఎవరైనా యౌవనస్థులు అడిగితే నేను ఉపన్యాసం మొదలుపెట్టను, ఆ పలక దగ్గరికి తీసుకెళ్తాను.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా రిపేర్లని ఏదో ఒక గ్యాలరీ మూసేయడం మామూలే కాబట్టి ముందు ఫోన్ చేసి అమరావతి విభాగం తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

ఏం చదవాలి, ఎలా చదవాలి

బౌద్ధ గ్రంథాలు మన బైబిల్లా ఒక్క సంపుటిలో ఒదిగేవి కావు. త్రిపిటకం మొత్తం చదివేద్దామనే ఉత్సాహం మొదటి వారంలోనే చస్తుంది. ధమ్మపదం చాలు. 26 వర్గాలు, 423 గాథలు, తెలుగులో అనువాదాలున్నాయి, సామెతల గ్రంథం చదివే అలవాటున్నవాళ్లకి ఏమాత్రం కష్టం కాదు. ద్వేషం ద్వేషంతో ఎన్నటికీ చల్లారదు అనే అయిదో గాథ చదివి "కీడువలన జయింపబడక, మేలు చేత కీడును జయించుము" గుర్తుచేసుకోని విశ్వాసి ఉండడు.

దానికి ముందు నాలుగు ఆర్యసత్యాలు మాత్రం నోటికి రావాలి. బతుకులో దుఃఖం ఉంది, దానికి మూలం తృష్ణ, ఆ తృష్ణ ఆరితే దుఃఖం ఆరుతుంది, ఆర్పడానికి ఎనిమిది అంగాల దారి ఉంది. ఇంతే. దీన్ని విని "అబ్బే, ఎంత నిరాశావాదమండీ" అనేస్తారు మనవాళ్లు. అయ్యా, ప్రసంగి గ్రంథం మన బైబిల్లోదే. "వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే" అని మొదలుపెట్టి పన్నెండు అధ్యాయాలు రాసినాయనను పరిశుద్ధ గ్రంథంలో పెట్టుకుని, దుఃఖం ఉంది అన్న మనిషిని నిరాశావాది అనడం ఏం న్యాయం? మీలో పోరాటాలు ఎక్కడినుంచి వస్తున్నాయి, మీ భోగేచ్ఛల నుంచి కదా అని యాకోబు నాలుగో అధ్యాయంలో అడిగింది చదివితే ఏ భిక్షువైనా తల ఊపుతాడు.

అయిదు శీలాలు కూడా అంతే: చంపకు, దొంగిలించకు, వ్యభిచరించకు, అబద్ధమాడకు, మత్తు పుచ్చుకోకు. పది ఆజ్ఞల రెండో పలకతో, అంటే తోటి మనిషి పట్ల నడత గురించిన ఆజ్ఞలతో, దాదాపు కలిసిపోతాయి. మొదటి పలక మాత్రం అక్కడ లేదు, ఆజ్ఞాపించే దేవుడు లేడు. శీలాలు అక్కడ ఆజ్ఞలు కావు, ఎవరికి వాళ్లు పాటిస్తామని చేసుకునే నిశ్చయాలు. ఇది చిన్న తేడా అనుకోకండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ఇక నన్ను ఎక్కువగా పట్టి ఉంచినది కిసాగోతమి కథ. బిడ్డ చచ్చిపోతే ఆ పసివాడి శవాన్ని చంకనేసుకుని మందు కోసం ఇల్లిల్లూ తిరుగుతుంది ఆ తల్లి. బుద్ధుడి దగ్గరికి పంపిస్తారు. ఆయన "చావు చూడని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు పట్టుకురా" అంటాడు. ఆవాలు లేని ఇల్లు ఉండదు కదా, ప్రతి ఇంట్లోనూ ఇస్తామంటారు, చావు లేని ఇల్లు మాత్రం దొరకదు. ఊరంతా తిరిగేసరికి ఆమెకే అర్థమవుతుంది, బిడ్డను శ్మశానంలో వదిలి వచ్చి ఆయన దగ్గర సన్యాసం తీసుకుంటుంది. ఇప్పుడు లూకా ఏడో అధ్యాయం తియ్యండి. నాయీను ఊరి గవిని దగ్గర ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకుని మోసుకెళ్తున్నారు. యేసు ఆమెను చూసి కనికరపడి, ఏడవవద్దని చెప్పి, పాడె ముట్టుకుని ఆ కుర్రాణ్ణి లేపి తల్లికి అప్పగించాడు.

మన ప్రసంగాల్లో ఈ రెండూ పక్కపక్కన పెట్టి "చూశారా, ఆయన ఆవాలు తెమ్మన్నాడు, మన దేవుడు బిడ్డనే ఇచ్చాడు, హల్లెలూయా" అనడం విన్నాను. నా ఓటు కూడా నాయీనుకే, చావు సహజం కాబట్టి ఒప్పుకో అనే మాట నాకు చాలదు. మన గ్రంథం చావుని కడపటి శత్రువు అంటుంది, పునరుత్థానం లేకపోతే మన విశ్వాసం వ్యర్థం అంటాడు పౌలు. కానీ పోయిన నెలలో కొడుకు పోయిన తల్లి ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో నాయీను అద్భుతం ఉండదు. లేపలేం. అక్కడ మన దగ్గరున్నది "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న చిన్న వచనమూ, వచ్చే దినం మీద నిరీక్షణా. చావింట్లో ఆ తల్లి చెయ్యి పట్టుకుని "ఈ బాధ నీ ఒక్కదానిదే కాదమ్మా" అని మనం అనే మాట కిసాగోతమికి ఊరు చెప్పిన మాటే. కాబట్టి ఆ కథను మన గెలుపు కోసం వాడుకోకండి. బౌద్ధులకు అది ఓటమి కథ కాదు, ఆ తల్లి అర్హంతురాలైన, అంటే తృష్ణ నుంచి విముక్తి పొందిన కథ.

అసలు తేడా ఎక్కడుంది

దేవుడున్నాడా లేడా అన్నదే తేడా అనుకుంటారు చాలామంది. నా లెక్కలో దానికంటే లోతైన తేడా ధమ్మపదం 165వ గాథలో ఉంది. పాపం చేసేది తనే, మలినమయ్యేది తనే, శుద్ధి చేసుకునేదీ తనే, ఒకరు ఇంకొకరిని శుద్ధి చేయలేరు అని దాని భావం. ఎఫెసీ 2వ అధ్యాయం ఎనిమిదో వచనం దానికి ఎదురుగా నిలబడుతుంది: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." రెండూ ఒకేసారి నిజం కాలేవు. అన్నీ ఒకటే అనే పిల్లలకు నేను ఈ రెండు వాక్యాలు ఫోన్‌లో పంపి, ఈ రెండూ ఎలా ఒకటవుతాయో చెప్పమంటాను. సమాధానం రావడానికి టైమ్ పడుతుంది.

ఇక్కడ మన వైపు నుంచి కూడా ఒక తొందరపాటు ఉంది. "కృప అనేది క్రైస్తవంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు" అని వేదిక మీద గట్టిగా అనేస్తాం. జపాన్‌లో షిన్‌రాన్ అనే ఆచార్యుడు, 1173లో పుట్టినవాడు, మనిషి తన శక్తితో ఏమీ సాధించలేడు, అమితాభ బుద్ధుడి కరుణ మీద ఆనుకోవడమే దారి అని బోధించాడు, ఆ శాఖకు ఇవాళ్టికీ కోట్లలో అనుచరులున్నారు. లూథర్ కంటే మూడొందల ఏళ్ల ముందు మాట ఇది. అమితాభుడు సృష్టికర్త కాడు, చరిత్రలో సిలువ మోసినవాడూ కాడు, తేడా అలాగే ఉంటుంది. అయినా ఇది తెలియకుండా మైకు పట్టుకోవద్దు. థేరవాదం, మహాయానం, వజ్రయానం అని శాఖలున్నాయనీ, వాటి మధ్య ఉన్న దూరం ఒక్కోసారి క్యాథలిక్కులకీ పెంతెకొస్తువాళ్లకీ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువనీ గుర్తుంచుకుంటే "బౌద్ధులు ఇలా అంటారు" అని గంపగుత్తగా అనడం తగ్గుతుంది.

విహారానికి వెళ్లేటప్పుడు

ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్‌లో మహాబోధి సొసైటీ వారి విహారం ఉంది. బోధ్‌గయ వెళ్లే శ్రీలంక యాత్రికులు దిగే చోటు కాబట్టి తెల్ల బట్టలు కట్టుకున్న సింహళ కుటుంబాలు తరచూ కనిపిస్తాయి. వైశాఖ పౌర్ణమి రోజు సందడిగా ఉంటుంది, నిదానంగా మాట్లాడాలంటే మామూలు రోజే మేలు. చెప్పులు బయటే విడవాలి, టోపీ తీసేయాలి, కూర్చుంటే కాళ్లు ప్రతిమ వైపు చాపకూడదు. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగకండి, శ్రీలంకవాళ్లు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. భిక్షువుని "భంతే" అని పిలవాలి. ఆడవాళ్లు షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాపకూడదు. భోజనం ఇవ్వాలనుకుంటే మధ్యాహ్నం పన్నెండు లోపే ఇవ్వాలి, ఆ తర్వాత వాళ్లు తినరు.

మనవాళ్లకి టెన్షన్ అంతా మొక్కాలా వద్దా అన్న దగ్గరే. ఎవరూ బలవంతం చేయరు. వెనక ఒక మూల నిశ్శబ్దంగా నిలబడితే చాలు, పట్టించుకోరు. భిక్షువుకి చేతులు జోడించి నమస్కారం పెట్టడంలో నాకు అభ్యంతరం కనిపించదు, మా పాస్టరు గారికీ అలాగే పెడతాను. ప్రతిమ ముందు సాష్టాంగం మాత్రం చేయను. "బుద్ధం శరణం గచ్ఛామి" అని అందరూ అంటుంటే గొంతు కలపను, ఎందుకంటే అది పాట కాదు, మనం నిలబడి అపొస్తలుల విశ్వాస ప్రమాణం చెప్పడం లాంటి ఒప్పుకోలు. నమ్మకుండా అనడం వాళ్ల విశ్వాసానికీ అమర్యాద, మన విశ్వాసానికీ అబద్ధం. అక్కడ పెట్టే భోజనం సంగతి మొదటి కొరింథీ 8వ, 10వ అధ్యాయాలు చదువుకుని ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్లు తేల్చుకోండి, నేనైతే తింటాను.

పూలు ఎందుకు పెడతారో అడగండి. థేరవాదులు ఇచ్చే జవాబు వింటే మన విగ్రహారాధన వాదన సగం కరిగిపోతుంది: ఈ పువ్వు ఎలా వాడిపోతుందో ఈ శరీరమూ అలాగే వాడిపోతుంది అని తలచుకుంటూ పెడతారు, బుద్ధుడు వరాలిస్తాడని కాదు. వరాలు అడిగే బౌద్ధులు లేరని కాదు, ఉన్నారు, మనలో తాయెత్తు కట్టుకుని చర్చికి వచ్చేవాళ్లు లేరా.

ధ్యానం క్యాంపుకి వెళ్లొచ్చా

ఈ ప్రశ్న ఆఫీసు ఒత్తిడితో నిద్ర పట్టని పిల్లలు ఎక్కువగా అడుగుతున్నారు. గోయంకా గారి పద్ధతిలో విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్పే కేంద్రం చెన్నై శివార్లలో తిరుముడివాక్కం వైపు ఉంది. పది రోజుల కోర్సు, ఫీజు లేదు, పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే దానం ఇస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి, ఫోన్ ఇచ్చేయాలి, మౌనం. మొదటి మూడు రోజులు శ్వాసను గమనించడం, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే స్పర్శలను గమనించడం. మతంతో పనిలేదు, ఎవరైనా రావచ్చు అంటారు, అది నిజమే.

కానీ విశ్వాసి ఫారం నింపే ముందు నియమావళి మొత్తం చదవాలి. కోర్సు జరిగినన్ని రోజులు ప్రార్థన, ఉపవాసం, జపమాల, ఏ మత ఆచారమైనా పూర్తిగా ఆపేయమని అందులో స్పష్టంగా ఉంటుంది. చదవడం, రాయడం ఉండవు కాబట్టి బైబిలూ ఉండదు. మొదట్లో త్రిశరణాలు (బుద్ధుడు, ధమ్మం, సంఘం శరణు అనడం), శీలాలు స్వీకరించడం ఉంటుంది, ఇక్కడ శరణం వ్యక్తిని కాదు, గుణాలను అని వాళ్లు వివరిస్తారు. వాళ్లు ఏదీ దాచడం లేదు, పద్ధతిని కల్తీ లేకుండా పరీక్షించమంటున్నారు, వాళ్ల వైపు నుంచి అది సబబే. నా మట్టుకు నేను వెళ్లలేదు. పది రోజులు తండ్రితో మాట్లాడనని సంతకం పెట్టడం నా వల్ల కాదు. వెళ్లి మేలు పొందిన క్రైస్తవులున్నారు, వాళ్లని తప్పు పట్టను. వెళ్లదలచుకుంటే ఇంట్లోవాళ్లకీ సంఘ కాపరికీ చెప్పి, కళ్లు తెరుచుకుని వెళ్లండి, అక్కడికి వెళ్లాక లోలోపల ప్రార్థించుకుంటూ మోసం మాత్రం చేయకండి. మానసిక ఆరోగ్యం కోసం మందులు వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి, దరఖాస్తులోనూ చెప్పాలి.

నిశ్శబ్దంగా కూర్చోవడమే కావాలంటే దానికోసం బయటికి పోనక్కర్లేదు. "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అనేది 46వ కీర్తన. మన ఆరాధనల్లో స్పీకర్ల చప్పుడికి ఊరక ఉండే సందే దొరకడం లేదు, అది వేరే గొడవ.

ఇంట్లోనే ఒకరు దీక్ష తీసుకుంటే

తెలుగు క్రైస్తవుల్లో బౌద్ధం గురించి అసలు గొడవ మ్యూజియంలోనో విహారంలోనో రాదు, పెళ్లిళ్లలో, చావుల్లో, అన్నదమ్ముల మధ్య వస్తుంది. మన పిల్లల్లో అంబేడ్కర్‌ని చదివి బౌద్ధం వైపు వెళ్లేవాళ్లు ఉన్నారు, మా అన్నయ్య అలాంటివాడే. అలాంటి మనిషితో మాట్లాడాలంటే శ్రీలంక బౌద్ధం తెలిస్తే సరిపోదు. అంబేడ్కర్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాక రెండు దశాబ్దాలకు పైగా ఆలోచించి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి దీక్ష తీసుకున్నాడు, 22 ప్రతిజ్ఞలు చేయించాడు, డిసెంబరు 6న కన్నుమూశాడు. ఆయన బౌద్ధంలో పునర్జన్మ గురించిన సంప్రదాయ వివరణకు చోటు లేదు, అసలు బరువంతా సమానత్వం మీద, మనిషి మనిషితో ఎలా ఉండాలన్న దాని మీద ఉంటుంది. కిసాగోతమి, తృష్ణ, నిర్వాణం అని మీరు మొదలుపెడితే "మాది అది కాదు తమ్ముడూ" అంటాడు.

మద్రాసుకి ఇంకా పాత చరిత్ర ఉంది. అంబేడ్కర్ కంటే చాలా ముందు, 1898లోనే దళితుల నాయకుడు అయోతీదాస్ పండితుడు ఇక్కడ శాక్య బౌద్ధ సంఘం పెట్టాడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో సైన్సు చెప్పిన పోకల లక్ష్మీ నరసు బౌద్ధం మీద రాసిన పుస్తకాన్ని 1948లో అంబేడ్కరే ముందుమాట రాసి మళ్లీ అచ్చు వేయించాడు. మిషనరీ కాలేజీలో కూర్చుని బౌద్ధం రాసిన మనిషి! మన పెద్దలు ఈ సంగతి ఎక్కడా చెప్పరు.

మనవాళ్ల నోట వచ్చే అతి చవకబారు మాట "రిజర్వేషన్ కోసం బౌద్ధంలోకి పోయాడు" అనేది. చట్టం తెలుసుకుని మాట్లాడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవం తీసుకున్న దళితులను చేర్చలేదు. ఆంధ్రలో మనల్ని బీసీ-సీలో పెట్టారు. ఇది అన్యాయం అని మనం దశాబ్దాలుగా మొత్తుకుంటున్నాం. అదే నోటితో, ఆ హోదా పోకుండా మతం మారగలిగిన మనిషిని ఎగతాళి చేస్తే ఎలా? పైగా సర్టిఫికెట్లో ఒకటి, చర్చి రిజిస్టర్లో ఒకటి ఉన్న కుటుంబాలు మన బెంచీల్లోనే ఎన్ని కూర్చుంటాయో ఎవరికి తెలియదు. సంఘంలో కులం చూసి పిల్లనివ్వడం, కులానికో చర్చి కట్టుకోవడం మానకుండా, "మా దాంట్లో అందరూ సమానమే కదా, ఎందుకు వెళ్లావు" అని అడిగే ముఖం మనకి లేదు.

ఏం అడగాలి మరి? వాదనకి బదులు ప్రశ్న అడగండి, అది కూడా నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే. ఒకసారి మా అన్నయ్యని అడిగాను:

"అన్నయ్యా, ప్రార్థన లేకుండా ఎలా ఉంటావు?"

"నువ్వు దేవుడితో మాట్లాడతావు, నేను నాతో మాట్లాడుకుంటా. నీకు జవాబు వస్తుందా?"

"అప్పుడప్పుడు."

"నాకూ అంతేలే."

ఆ తర్వాత అతనే అడిగాడు, సిలువ మీద అంత అన్యాయం జరుగుతుంటే మీ దేవుడు ఊరుకోవడం నీకు కోపం తెప్పించదా అని. అంత సూటి ప్రశ్న మా సండే స్కూల్లో ఎవరూ అడగలేదు. జవాబు చెప్పడానికి మళ్లీ మార్కు సువార్త 15 చదువుకోవాల్సి వచ్చింది.

సంఘంలో ఎవరైనా అడ్డు చెప్తే

"బౌద్ధం చదువుతున్నాడట" అనే మాట మన సంఘాల్లో త్వరగా పాకుతుంది. పాస్టరు గారు పిలిచి అడిగితే దాపరికం వద్దు, చదివేది చూపించండి. క్యాథలిక్ మిత్రులకైతే ఈ ఇబ్బంది తక్కువ, 1965లోనే రెండో వాటికన్ మహాసభ బౌద్ధం పేరెత్తి మరీ, ఆ మతాల్లో సత్యమూ పవిత్రమూ అయిన దేన్నీ తాము తిరస్కరించమని ప్రకటించింది. అమెరికా సన్యాసి థామస్ మెర్టన్ 1968 నవంబరులో ధర్మశాలలో దలైలామాతో మాట్లాడి, ఆ నెలాఖర్లో మద్రాసు వచ్చి సెయింట్ థామస్ మౌంట్ మీద పూజ చేసి, అటు నుంచి సిలోన్ వెళ్లాడు. బౌద్ధుల మధ్య తిరిగినందుకు ఆయన పూజ మానలేదు.

ఇంకో తమాషా. మధ్యయుగాల్లో యూరప్ అంతా భక్తితో చదివిన జోసఫత్ అనే భారత యువరాజు కథ ఉంది. రాజు కొడుకుని లోకం కష్టం తెలియకుండా మేడలో పెంచుతాడు, అతను బయటికొచ్చి రోగినీ ముసలివాణ్ణీ చూసి అన్నీ వదిలేసి సన్యాసి అవుతాడు. బుద్ధుడి కథే పర్షియా, అరబ్బు, జార్జియా దేశాల మీదుగా గ్రీకులోకి వెళ్లి క్రైస్తవ పరిశుద్ధుడి కథ అయింది, నవంబరు 27న పండుగ కూడా పెట్టారు. వందల ఏళ్లపాటు ఎవరికీ అనుమానమే రాలేదు. ఈ కథ చెప్తే కమిటీ పెద్దల్లో సగం మంది నవ్వేస్తారు, మిగతా సగం గూగుల్ చేస్తారు.

చివరగా, పెళ్లిపిలుపు. బౌద్ధ పద్ధతిలో జరిగే పెళ్లికి మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి. వేదిక మీద బుద్ధుడి బొమ్మ, అంబేడ్కర్ ఫొటో ఉంటాయి, త్రిశరణ పంచశీలాలు చెప్పిస్తారు, ప్రమాణాలు చేయిస్తారు, సాధారణంగా మన పెళ్లి ప్రసంగం కంటే త్వరగా అయిపోతుంది. పూలు వేయమని చేతికిస్తే అంబేడ్కర్ ఫొటో దగ్గర వేయడానికి ఆలోచించాల్సిన పని లేదు, అది ఒక నాయకుడికిచ్చే గౌరవం. బుద్ధుడి దగ్గర వేయాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి, వేదికెక్కి తటపటాయిస్తే వీడియోలో బాగోదు. వేయలేకపోతే ఆ పూలు వధూవరుల మీద వేసి దిగిపోవచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు. కానుక ప్యాకెట్‌లో కరపత్రం దూర్చకండి. వాళ్లే ఎప్పుడైనా తెలుగు కొత్త నిబంధన కావాలని అడిగితే అప్పుడు మంచి ప్రతి కొనివ్వండి, మీరు కూడా వాళ్లని ధమ్మపదం ఒకటి అడిగి తీసుకోండి.